నేను మింగేసిన మాట

గుడియాత్తంలో మా ట్యూషన్ సార్ పోయారని ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. "పొద్దున కాఫీ తాగి పండుకున్నాడమ్మా అన్న, మళ్ళా లేయలేదు" అన్నాడు. వేలూరులో నేను పనిచేసే ఆసుపత్రి వరండాలో నిలబడి విన్నాను. ఏడుపు రాలేదు, సిగ్గు ముంచుకొచ్చింది. చావు కబురు విని సిగ్గుపడేదేమిటని మీరు అడగవచ్చు. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆ తమ్ముడికి బజారువీధిలో లుంగీల అంగడి ఉంది. దాని పైగదిలో సార్ ట్యూషన్ చెప్పేవారు. బెంచీలు లేవు, లుంగీల మూటల మీదే కూర్చునేవాళ్ళం. ఇంటికి వెళ్ళాక కూడా మా బట్టలు గంజి వాసన వేసేవి. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు, మధ్యలో మా ప్రాణాలు. మమ్మల్ని ఏడిపించినవి పెద్ద పెద్ద మాటలు కావు. 'గాట్', 'టుక్', 'ర్యాన్' లాంటి పిడికెడు మాటలు, జరిగిపోయిన పనుల్ని చెప్పేవి. 'గాట్' అంటే ఏంది సార్ అని అడిగితే ఆయన నేరుగా చెప్పేవారు కాదు. "ఎవరితో వచ్చినాడో చూడు నాయనా, అప్పుడు వాడెవడో తెలుస్తాది" అనేవారు. ఒకచోట వానలో తడిశాడని, ఒకచోట బస్సు దిగాడని, ఒకచోట ఉద్యోగం దొరికిందని, ఇంకోచోట కోపమొచ్చిందని అర్థం. 'టుక్' ఇంకా అన్యాయం. మందు వేసుకున్నా అదే, ఫోటో తీసినా అదే, రెండు గంటలు పట్టినా అదే. ఇంగ్లీషువాళ్ళకు మాటల కరువా అని నేను విసుక్కుంటే ఆయన పగలబడి నవ్వేవారు.

'ర్యాన్' అంటే పరుగెత్తాడని మేమంతా ఒక్క గొంతుతో చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. తమ్ముడు అంగడి నడిపినా అదే మాట, మా ముక్కులు కారినా అదే మాట అన్నారు సార్. బట్ట రంగు వదిలినా అదేనంటే మాత్రం మేం నమ్మలేదు. ఆయన కిందికి వెళ్ళి ఒక కొత్త ఎర్ర లుంగీ తెచ్చి బకెట్టు నీళ్ళలో ముంచారు. నీళ్ళు ఎర్రబడ్డాయి. తమ్ముడు మెట్లెక్కి వచ్చి చూసి, ఇంగ్లీషు చెప్పడానికి నా సరుకే దొరికిందా అని లబలబలాడాడు. వెలిసిపోయిన ఆ లుంగీని సార్ చాలా ఏళ్ళు ఇంట్లో తనే కట్టుకున్నారు.

తప్పు చెప్తే ఆయనకు కోపం రాదు. తెలియని మాటను చప్పుడు చేయకుండా వదిలేసి తర్వాతి వాక్యానికి పోతే మాత్రం పట్టుకునేవారు. "తెలీదంటే తెలీదను. దాటుకోని పోవద్దు" అనేవారు. అప్పుడు గొంతు పెంచేవారు కాదు, మనం వెనక్కి వచ్చి ఆ మాట దగ్గర ఆగేదాకా ఊరికే చూస్తూ కూర్చునేవారు.

ఈరోజు నేను తింటున్న అన్నం ఆయన పెట్టినదే. చిత్తూరు, పలమనేరు వైపు నుంచి వచ్చే రోగులకు డాక్టర్ల ఇంగ్లీషును తెలుగులో చెప్పడం నా ఉద్యోగం. తెలుగు రాయడం, చదవడం కూడా ఈ పని కోసమే తర్వాత నేర్చుకున్నాను. మా వైపు తెలుగు నోట్లో ఉంటుంది గాని చాలామందికి అక్షరం రాదు. సార్‌కూ రాదు, ఆయన భార్యకూ రాదు. ఆమెను మేమంతా అమ్మా అని పిలుస్తాం.

పోయిన ఏడాది సార్‌కు కాలేయం చెడింది. అమ్మను తీసుకుని రైల్లో కాట్పాడి దాకా వచ్చి, అక్కణ్ణుంచి మా ఆసుపత్రికి వచ్చారు. సార్ నన్నూ డాక్టరు గదిలోకి రమ్మన్నారు, అమ్మకు తెలుగులో చెప్పాలన్నారు. ఇంగ్లీషు నేర్పిన మనిషి పక్కన కూర్చుని నేను తర్జుమా చేయడమా అని లోలోపల మురిసిపోయాను కూడా. డాక్టరమ్మ ఉత్తరాది ఆవిడ. నిదానంగా, విడమరిచి చెప్పింది. నొప్పికి మందులిస్తాం, జబ్బుకు ఇక వైద్యం లేదు, మిగిలింది కొద్ది నెలలే, ఇంట్లో మీవాళ్ళ మధ్య గడపండి అంది. ఒక్క మాటకూ రెండో అర్థం లేదు.

అమ్మ నా నోటినే చూస్తోంది. నొప్పికి మందులిస్తారంట, ఇంటికి తీసుకుపోవచ్చునంట అని చెప్పాను. మధ్యలోది మింగేశాను. ఆమె ముఖం వెలిగిపోయింది. డాక్టరమ్మకు రెండు చేతులా దండం పెట్టి, రేపటినుంచి పూటపూటా రాగిసంగటి చేసి పెడతాను, నాలుగు దినాల్లో లేచి తిరుగుతాడు అంది. డాక్టరమ్మకు అనుమానం వచ్చి, అంతా చెప్పావా అని నన్ను అడిగింది. చెప్పానన్నాను. ఇంగ్లీషులోనే చెప్పాను, సార్ ఎదుటే.

బయటికి వచ్చాక అమ్మ సీసాలో నీళ్ళు పట్టడానికి వెళ్ళింది. సార్ నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"నాకు ముందే తెలుసునమ్మా. మా ఊరి డాక్టరు చెప్పేసినాడు. మీ అమ్మకు చెప్పేదానికి నాకు నోరు రాలా. నువ్వైతే చెప్తావని ఆమెను ఈడికి పిలుచుకోని వచ్చినా."

అప్పుడైనా చెప్పవచ్చు కదా. అమ్మ తిరిగి రాగానే నేను ఆటో మాట్లాడతానని లేచి పరుగెత్తాను. మాట చెప్పకుండా తప్పించుకోవడానికి ఎన్ని పనులు దొరుకుతాయో!

చివరికి, నేను బండెక్కించడానికి వెళ్ళిన కాట్పాడి స్టేషన్లో, బండి రాకముందు, ఆయనే చెప్పారు. డాక్టరమ్మ చెప్పిన వరసలోనే, ఒక్కటీ వదలకుండా చెప్పారు. అమ్మ నా వైపు తిరిగింది.

"లోపల డాక్టరమ్మ చెప్పింది ఇదేనామ్మా? నువ్వు చెప్పలేదే?"

సార్ అందుకున్నారు. "పిల్ల చెప్పింది. నీకే వినపళ్ళేదు. ఆడ ఒకటే గోల గదా."

ఆ గదిలో గోల ఎక్కడిది? ఫ్యాను చప్పుడు కూడా లేదు. అమ్మ మాత్రం ఆ మాట నమ్మింది. ఈమధ్య తన చెవులు సరిగా పనిచేయడం లేదని, తిరిగి నాకే సమాధానం చెప్పుకుంది. ఒక్క మాట వదిలినా ఊరుకోని మనిషి, తన చావు సంగతి చెప్పిన నోటితోనే, నా పరువు కోసం భార్యతో అబద్ధమాడారు. నాకు చచ్చినంత పనైంది. అయినా నోరు విప్పలేదు.

మొన్న, కబురు వచ్చాక, సార్ ఇంటికి వెళ్ళాను. అమ్మ చుట్టాల మధ్య చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని వాళ్ళకు చెప్పింది. "ఈ పిల్లే, ఆ పొద్దు డాక్టరు చెప్పిందంతా తెలుగులో చెప్పింది. నా చెవికే ఎక్కలా, పాపిష్టిదాన్ని."

కాదని చెప్పడానికే నేను వెళ్ళింది. తీరా అంతమందిని చూసి వెనక్కి తగ్గాను. ఇక్కడ రాయగలుగుతున్నానంటే, ఆమె ఇది చదవలేదన్న ధైర్యం కూడా ఉంది. ఆ ధైర్యం తలుచుకున్నా సిగ్గుగానే ఉంది.

"అమ్మా" అని మాత్రం అన్నాను. ఆమె చాప మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. ఈసారి బాగా వినపడాలని, జుట్టు వెనక్కి తోసుకుని, చెవి నా నోటి దగ్గరికి తెచ్చి పెట్టింది.