దయామణి టీచర్ కూర్చున్న మెట్టు

ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో చిక్కడపల్లి సందు మొదట్లో ఒక ఇస్త్రీ బండి ఉంది. మొన్న సాయంత్రం ఆ బండి అతను గంజి పెట్టిన నూలు చీర మీద నీళ్లు చిలకరించి బొగ్గుల పెట్టె ఆనించగానే గుప్పున ఆవిరి లేచింది. ఉడికిన గంజి, వేడెక్కిన నూలు, కొంచెం బొగ్గు పొగ కలిసిన వాసన. వెనక ఆటో హారన్ కొడుతున్నా నేను కదల్లేకపోయాను. ఆ వాసన నాకు ఒక మనిషి వాసన. చర్చిలో ఎన్నో ఏళ్లు ఆ వాసన పక్కన నిలబడి పాడాను.

ఆమె పేరు దయామణి, ఎప్పుడూ గంజి పెట్టిన నూలు చీరే కట్టేవారు. నారాయణగూడలో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. చిక్కడపల్లిలో ఒక ఇంటి వెనక భాగంలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవారు. మా చర్చిలో క్వైర్‌ను, అంటే ఆరాధనలో పాటలు పాడే బృందాన్ని, ఆమే నడిపేవారు. ప్రతి శనివారం సాయంత్రం ఆ గదుల్లోనే మాకు సాధన. మేము పాడుతుంటే కళ్లు మూసుకుని మా మధ్య తిరిగేవారు. ఎవరి దగ్గరో ఆగి, "నీ పక్కన జయమ్మ పాడుతుంది, నీకు వినపడ్తుందా?" అని అడిగేవారు. లేదని చెప్తే, "అయితే నువ్వు జర తగ్గియ్యాలె" అనేవారు. గొంతు బాగా లేదని ఎవరినీ వెనక్కి పంపలేదు. పక్కవాళ్లను వినకుండా పాడితే మాత్రం ఊరుకునేవారు కాదు.

మా చర్చిలో గొడవ ఎక్కడ మొదలైందో ఇప్పుడు అడిగితే ఏ ఇద్దరూ ఒకేలా చెప్పరు. పాస్టర్ గారికి బదిలీ వచ్చింది. సగం మంది ఆయన ఉండాలన్నారు, సగం మంది వెళ్లాలన్నారు. కొత్త పాస్టర్ వచ్చి చర్చి లోపల ఆరాధన మొదలుపెట్టారు. పాత పాస్టర్ గారి మనుషులు అదే ఆవరణలో ఎదురుగా రేకుల షెడ్డు వేసి అక్కడ కూర్చున్నారు. ఆదివారం ఒకే సమయానికి రెండు మైకులు మోగేవి. వాళ్లు వాల్యూమ్ పెంచితే లోపల మావాళ్లు ఇంకొంచెం పెంచేవారు. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఒక కానిస్టేబుల్ కాపలా. బయట లోకం కూడా దానికి తగ్గట్టే ఉండేది. ఫోన్లో ఏ గ్రూపు తెరిచినా ఎవరో ఎవరినో తిట్టడమే. అప్పట్లో నేను అశోక్‌నగర్ స్టడీ హాల్లో సర్కారు ఉద్యోగం కోసం చదువుతుండేదాన్ని. పరీక్ష ఉంటుందో ఉండదో తెలియక, ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు రోజుకో పుకారుతో ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు.

ఇక మా ఇల్లు. అశోక్‌నగర్‌లోనే పై అంతస్తులో మేము, కింద చిన్నాన్న సుధాకర్ కుటుంబం. నాన్న చర్చి కమిటీ కార్యదర్శి, లోపలి పక్షం. చిన్నాన్న షెడ్డు పక్షం. ఏడాది తిరిగేసరికి అన్నదమ్ములు మెట్ల మీద ఎదురైనా గోడ వైపు చూసుకుంటూ దిగేవారు. నాతోనూ చిన్నాన్న మాట్లాడటం తగ్గిపోయింది. క్వైర్‌లో ఆయనది బాస్, అందరికన్నా కింద నడిచే బరువైన గొంతు. నాది ఆల్టో, ఆడవాళ్లలో కింది గొంతు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని సాధనకు తీసుకెళ్లింది ఆయనే.

క్వైర్‌ను తన వైపు తెచ్చుకోవాలని నాన్న ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని టీచర్ ఇంటికి వెళ్లారు.

"టీచర్ గారు, వచ్చే ఆదివారం సంది క్వైర్ లోపల్నే పాడాలె. మీరొస్తే మిగిలినోళ్లు కూడా వస్తరు," అన్నారు.

"నిన్న సుధాకర్ కూడా వచ్చిండు. షెడ్డుల పాడించమన్నడు."

"మరి మీరేమన్నరు?"

"నాకు నాలుగు రకాల గొంతులు కావాలె ప్రసాదూ. కొన్ని నీ దగ్గర ఉన్నయి, కొన్ని ఆయన దగ్గర ఉన్నయి. సగం పాట పాడించుడు నాకు రాదు."

నాన్న కుర్చీలో ముందుకు జరిగారు. "అంటే మీరు ఏ దిక్కు కాదంటరా?"

"శనివారం ఎప్పటిలెక్కనే ఇంట్ల ఉంట. పాడేటోళ్లు ఎవరైనా రావచ్చు. ఆరాధనకు ఒక వారం లోపలికొస్త, ఒక వారం షెడ్డుకు పోత. చాయ్ తాగుతవా?"

నాన్న తాగకుండానే లేచి వచ్చేశారు.

ఆ శనివారం నేను స్టడీ హాల్ నుంచి పుస్తకాల సంచీతోనే టీచర్ ఇంటికి వెళ్లాను. అప్పటికి వచ్చింది ఒక్క చిన్నాన్నే. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నారు. టీచర్ మా మధ్య ఒక పాటల పుస్తకం పెట్టి, "ఒకటే ఉంది, ఇద్దరు చూసుకోండి" అన్నారు. ఆమె వెనక అలమారలో అవే పాటల పుస్తకాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. చిన్నాన్న అటు చూశారు, నేనూ చూశాను. పుస్తకం చెరో అంచు పట్టుకుని పాడాం. అసలు రాగం పాడేవాళ్లు లేరు కాబట్టి, పైకప్పు వేయని ఇంటిలా ఉంది పాట. రెండో చరణంలో టీచర్ తన వణికే గొంతుతో ఆ రాగం అందుకున్నారు. పై స్వరం అందక దగ్గు వచ్చి, తనే నవ్వేశారు. ఆమెతో పాటు చిన్నాన్న నవ్వారు. ఆ నవ్వు విని నాకు ఏడుపొచ్చినంత పనైంది. తర్వాతి వారాల్లో జయమ్మ వచ్చింది, షెడ్డు నుంచి ఇంకొందరు వచ్చారు. ఆదివారం ఎదురెదురుగా కూర్చునేవాళ్లు శనివారం ఒకే చాపమీద కూర్చునేది ఆ గదిలోనే.

అలాంటి ఒక శనివారానికి ముందు నా పరీక్ష మళ్లీ వాయిదా పడింది. అందరూ వెళ్లాక చాయ్ కప్పులు కడుగుతుంటే టీచర్ పక్కకు వచ్చారు.

"ఏంది బిడ్డా, ఈరోజు గొంతు లేస్తలేదు?"

"ఎందుకు చదువుతున్ననో నాకే తెలుస్తలేదు టీచర్. మీకు ఎన్నడూ భయం కాదా?"

"ఎందుకు కాదు? పొద్దున లేస్తే మొదలు అదే. ఈ గొడవల ఎవరన్న దెబ్బలు తింటరేమోనని భయం. ముసలిదాన్ని, ఈ ఇల్లు ఖాళీ చెయ్యమంటరేమోనని భయం. భయం పోయినంక ప్రార్థన చేద్దామనుకుంటే ఇప్పటిదాక ఒక్కసారి కూడా మోకాళ్లూనేదాన్ని కాదు."

బైబిలులోంచి ఏదైనా వాక్యం చెబుతారేమోనని చూశాను. ఆమె నా చేతిలో కప్పు తీసుకుని తుడిచి అలమారలో పెట్టి, "రేపు ఏం చదువుతవు?" అని అడిగారు. భూగోళం అన్నాను. "చదువు మరి. వచ్చే వారం నాకు నదుల గురించి చెప్పాలె," అన్నారు. నిజంగానే మరుసటి శనివారం కృష్ణ, గోదావరుల ఉపనదులన్నీ నాచేత చెప్పించుకున్నారు.

అంతలో ఫోన్ గ్రూపుల్లో ఆమె మీద మాట పుట్టింది. లోపలి సంగతులు షెడ్డుకు, షెడ్డు సంగతులు లోపలికి మోస్తుందని. ఒక ఆదివారం ఆరాధనకు ముందు నాన్న మైకు దగ్గర నిలబడి, "రెండు దిక్కుల తిరిగేటోళ్లు ఈ గుడికి రావద్దని కమిటీ నిర్ణయం చేసింది," అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. తలలన్నీ కిటికీ పక్క బెంచీ వైపు తిరిగాయి. టీచర్ లేచి, బైబిలు గుడ్డ సంచీలో పెట్టుకుని, చీర కుచ్చెళ్లు సరిచేసుకుని నడిచి వచ్చారు. నాన్న ముందు ఒక్క క్షణం ఆగి, "సరే ప్రసాదూ," అని బయటికి వెళ్లిపోయారు. ముందు వరుసలో ఉన్న నాకు నా కన్నతండ్రి ముఖం చూడబుద్ధి కాలేదు.

ఇంటికి వెళ్లిపోయి ఉంటారనుకున్నాను. ఆరాధన ముగిసి బయటికొస్తే చర్చి వాకిట్లో వెడల్పాటి రాతి మెట్టు మీద కూర్చుని ఉన్నారు. వెనక చర్చి, ముందు షెడ్డు. బయటికొచ్చే ప్రతి ఒక్కరినీ, "మీ అమ్మకు షుగర్ తగ్గిందా?", "చిన్నోనికి సీటు దొరికిందా?" అని అడుగుతున్నారు. కొందరు జవాబిచ్చారు, కొందరు చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె చోటు ఆ మెట్టే. ఎండ కాస్తే గొడుగు తెచ్చుకునేవారు. కానిస్టేబుల్ తన కుర్చీ తెచ్చి వేస్తే, "నువ్వు నిలబడి డ్యూటీ చేస్తుంటే నేను కుర్చీల కూసుంటనా" అని వద్దన్నారు. రెండు మైకుల మధ్య మీకేం వినపడుతుందని అడిగితే, "ఒక చెవుకు ఒక ప్రసంగం, ఇంకో చెవుకు ఇంకోటి. ఇద్దరూ మంచిగనే చెప్తున్నరు," అన్నారు.

రెండో వారం నేనూ వెళ్లి ఆ మెట్టు మీద కూర్చున్నాను.

"నేను కూడా ఇక్కడే ఉంట టీచర్."

"వద్దు. పోయి మీ నాన్న పక్కన కూసో."

"మిమ్మల్ని అంత మాటన్న మనిషి పక్కనా?"

"అంత మాటన్నంక ఆయన పక్కన ఎవరు కూసుంటరు? ఒక్కడైపోతడు. పో."

కోపంతోనే లోపలికి వెళ్లాను. టీచర్ చెప్పింది నిజమే. ఆ సంఘటన తర్వాత అమ్మ చర్చికి రావడం మానేసింది. కమిటీవాళ్లు ఎవరి బెంచీల్లో వాళ్లున్నారు. మా బెంచీలో నాన్న ఒక్కరే, పాటల పుస్తకం తెరిచి పట్టుకుని పాడకుండా నిలబడి ఉన్నారు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆయన పుస్తకం కొంచెం నా వైపు జరిపారు.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్ ముందు ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడటం మా ఆనవాయితీ. ఈసారి రెండు పక్షాలూ విడివిడిగా తిరుగుతాయని ప్రకటించాయి. శనివారం బృందం మాత్రం అందరి ఇళ్లకూ వెళ్తుందని టీచర్ చెప్పారు. సాయంత్రం వెలుతురుండగానే బయలుదేరి, నారాయణగూడ వైపు కొన్ని ఇళ్లు ముగించుకుని మా ఇంటికి చేరాం. కింద చిన్నాన్న వాకిట్లో పాడాం. పిన్ని అందరికీ కేకు ముక్కలు పెట్టింది. టీచర్ మెట్ల వైపు తిరిగారు.

"నేను పైకి రాను టీచర్. మీరు పోయి రండి," అన్నారు చిన్నాన్న.

"నాకు మోకాళ్లు లేస్తలేవు సుధాకర్. ఎవరన్న పట్టుకోకుంటే ఎక్కలేను. నీయంత బలం ఇంకెవరికుంది?"

చిన్నాన్న ఆమె చెయ్యి తన భుజం మీద వేసుకుని ఒక్కో మెట్టూ ఎక్కించారు. తలుపు తీసిన నాన్నకు ముందు కనిపించింది తన తమ్ముడి మీద ఆనుకుని ఆయాసపడుతున్న దయామణి టీచర్. వెంటనే జయమ్మ పాట ఎత్తుకుంది. ఆ ఇరుకు వరండాలో చిన్నాన్న గొంతు గోడలకు తగిలి కింద నుంచి పాటనంతా ఎత్తి పట్టుకున్నట్టుంది. నాన్న తలుపు పట్టుకుని పూర్తిగా విన్నారు. పాట అయ్యాక, "లోపలికి రండి టీచర్, కూర్చోండి," అన్నారు. ఆమెను టీచర్ అని మర్యాదగా పిలవడం ఎన్నో నెలల తర్వాత అదే మొదలు.

"ఇంకా చాన ఇండ్లున్నయి ప్రసాదూ. దిగుడే కష్టం నాకు," అన్నారామె.

నాన్న చెప్పులు వేసుకుని రెండో చెయ్యి పట్టుకున్నారు. అన్నదమ్ములిద్దరూ ఆమెను మధ్యన పెట్టుకుని పక్కవాటుగా మెట్లు దిగారు. కిందికొచ్చాక ఎవరి దారిన వాళ్లు వెళ్లబోతుండగా నాన్న ఆగారు. "రేపు పొద్దున నీళ్ల మోటరు నేనేస్తలే. నువ్వు పండుకో," అన్నారు తమ్ముడితో. చిన్నాన్న తల ఊపారు. అంతే. మర్నాడు పొద్దున మోటరు చప్పుడు వింటూ అమ్మ పొయ్యి దగ్గర కళ్లు తుడుచుకుంది. మోకాళ్లు నిజంగా అంత నొప్పా అని తర్వాత నేను టీచర్‌ను అడిగాను. "నొప్పే. రెయిలింగు పట్టుకోని ఎక్కచ్చు గని," అన్నారు.

చర్చి మాత్రం ఒక్కటి కాలేదు. ఇప్పటికీ రెండు ఆరాధనలే. ఒకటి అయ్యాక ఇంకొకటి జరుగుతుంది కాబట్టి మైకులు పోటీపడవు. ఆ మరుసటి ఎండాకాలంలో టీచర్ మంచాన పడ్డారు. పొద్దుటిపూట నేను వెళ్లి జావ కాచి ఇచ్చేదాన్ని. ఒకరోజు, ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగాను.

"ఆ రోజు మా నాన్న మీద మీకు కోపం రాలేదా?"

"మస్తొచ్చింది. ఇంటికొచ్చి అన్నం కూడా తినలే. తెల్లారి ప్రార్థనల మొదలు ఆయన పేరే చెప్పిన. అప్పటిసంది రోజూ ఆయన పేరే మొదలు."

"మొదలెందుకు టీచర్?"

"చివరకు పెట్టుకుంటే నిద్రొస్తుందని సాకు చెప్పి ఇడిచిపెడ్త. నా సంగతి నాకు తెల్వదా?"

"అట్ల చెప్తే కోపం పోయిందా?"

ఆమె గ్లాసు పక్కన పెట్టి ఆలోచించారు. "కొన్ని దినాలు పోయేది, కొన్ని దినాలు ఉండేది. బీపీ గోలీలు ఏస్కుంటున్నడో లేదో అని మాత్రం యాదికొస్తుండె."

వానలు మొదలయ్యే ముందే ఆమె వెళ్లిపోయారు. నారాయణగూడ సమాధుల తోటలో ఇద్దరు పాస్టర్లూ పక్కపక్కన నిలబడి ప్రార్థన చేశారు. పెట్టె మోసినవాళ్లలో నాన్న, చిన్నాన్న ఉన్నారు. శనివారం బృందం పాడింది. పాట మధ్యలో నాన్న ఏడుస్తుంటే చిన్నాన్న పాడటం ఆపి ఆయన భుజం పట్టుకున్నారు.

తర్వాత జరిగిన పరీక్షలో నాకు ఉద్యోగం వచ్చింది. మా ఆఫీసులోనూ పక్షాలున్నాయి, ఫోన్ గ్రూపులున్నాయి, నా వెనక మాట్లాడేవాళ్లున్నారు. టీచర్‌కున్నంత ఓర్పు నాకు రాలేదు. ఆమె పెట్టి పోయిన ఒక్క అలవాటు మాత్రం పట్టుకున్నాను. పొద్దున లేచి ప్రార్థనకు కళ్లు మూసుకోగానే, అందరికన్నా ముందు, నాకు ఎవరి మీద కోపముందో వాళ్ల పేరు చెబుతాను. ఈ మధ్య వరసగా ఒకాయన పేరే చెబుతున్నాను. ఆయన మీద కోపం ఇంకా పోలేదు. నిన్న మధ్యాహ్నం మాత్రం ఆయన సీటు పక్కగా వెళ్తూ ఆగి, "మీ అబ్బాయికి జ్వరం తగ్గిందా సార్?" అని అడిగాను.