నా పెళ్లిపందిరి ఎవరు చూడాలని

మాది కొల్లేటి ఒడ్డున ఒక చిన్న ఊరు. నా పెళ్లికి వారం ముందు నాన్న పనులన్నీ పంచేశారు. తాడేపల్లిగూడెం నుంచి పెళ్లివారు ఏలూరులో రైలు దిగితే, వాళ్లని పడవలో తీసుకొచ్చే పని తాను పెట్టుకున్నారు. పందిరి సంగతి వచ్చేసరికి మా పెదనాన్ననీ, అమ్మకి అన్నగారైన మావయ్యనీ చూసి, "అది మీరిద్దరూ చూసుకోండి" అన్నారు.

వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి మర్యాద ఎక్కువ.

"పెద్దవారు మీరుండగా నేనెవర్నండి బావగారూ."

"అబ్బే, పిల్ల మేనమామ మీరు. మీ చేతిమీదుగా జరగాలండి."

వింటున్న మాకు ముచ్చటేసింది. చివరికి ఎవరు ఒప్పుకున్నారో మాత్రం ఎవరూ అడగలేదు.

పెళ్లినాడు పొద్దున్నే నాన్న ఏలూరు వెళ్లిపోయారు. నన్ను వీధిగదిలో గౌరీపూజకి కూర్చోబెట్టారు. కిటికీలోంచి చూస్తే రాటలు పాతి ఉన్నాయి, పైన వాసాలు కట్టి ఉన్నాయి, ఆకు మాత్రం లేదు. తాటాకు మోపులు రేవులో పడవలోనే ఉన్నాయి. కూలీలు గట్టుమీద కూర్చుని చుట్టలు కాల్చుకుంటున్నారు.

అంతలో ఏలూరులో తివాచీలు నేసే సాయిబుగారు వచ్చారు. పెళ్లివారు కూర్చోవడానికి నాన్న మాట్లాడి ఉంచిన తివాచీ ఆయన భుజాన ఉంది.

"ఎక్కడ పరవమంటారండీ?" అని అరుగుమీదున్న పెదనాన్నని అడిగారు.

"మా బావగారినడగండి. ఆయనే చూస్తున్నారు."

సాయిబుగారు పెరట్లో ఉన్న మావయ్య దగ్గరికి వెళ్లి, తివాచీ దింపకుండానే తిరిగొచ్చారు. మళ్లీ అరుగు, మళ్లీ పెరడు. మూడోసారి ఆయన కిటికీ పక్కన ఆగి చెమట తుడుచుకుంటుంటే నాకు పాత సంగతొకటి గుర్తొచ్చింది. కిందటేడు మా ఊళ్లోనే ఒక పెళ్లివారు, కూర్చోవడానికి నీడైనా చూపించలేదని, రేవునుంచే పడవ తిప్పించుకుని వెళ్లిపోయారు. ఆ పిల్లకి ఇంకా సంబంధం కుదరలేదు.

"అత్తయ్యా, పందిరి ఎవరూ చూట్లేదు," అన్నాను పక్కనున్న మేనత్తతో.

"నువ్వు గౌరమ్మని చూడు. పందిరి మగాళ్లు చూస్తారు."

"చూట్లేదత్తయ్యా."

"నోరెత్తే పెళ్లికూతుర్ని నేనెక్కడా చూళ్లేదే తల్లీ. కాపరానికెళ్లాక ఎత్తుదువుగాని."

నేను లేచి కిటికీ ఊచలు పట్టుకున్నాను.

"సాయిబుగారూ, పెదనాన్నతో మావయ్య రమ్మన్నారని చెప్పండి. మావయ్యతో పెదనాన్న రమ్మన్నారని చెప్పండి."

ఆయన కాస్త ఆలోచించారు. "పెళ్లిపూట నాచేత అబద్ధమెందుకండి అమ్మాయిగారూ. మీరు రమ్మన్నారనే చెప్తాను."

ఆపుదామనుకున్నాను. ఆయన అప్పటికే అరుగుకేసి నడిచారు.

ఇద్దరూ కిటికీ దగ్గరికి వచ్చారు. పెదనాన్న ఎదుట తలెత్తి మాట్లాడి ఎరగను నేను.

"పందిరికి ఆకు కప్పలేదండి. ఆయన చూస్తున్నారని మీరు, మీరు చూస్తున్నారని ఆయన..." అన్నాను తల దించుకునే.

పెదనాన్న వాసాలకేసి చూశారు. మావయ్య పెదనాన్నకేసి చూశారు.

"మీరు చెప్పే ఉంటారనుకున్నానండి," అన్నారు మావయ్య.

"నేనూ అదే అనుకున్నానండి. పోనీ, ఇప్పుడు మీరు చెప్పండి."

"అబ్బే, మీరుండగా..."

"మళ్లీ మొదలెట్టారా," అంది అత్తయ్య నా వెనకనుంచి. "అన్నయ్యా, నువ్వు రేవుకెళ్లి మోపులు దింపించు. బావగారూ, మీరు నిచ్చెన తెప్పించండి."

కూలీలు చాలక మావయ్యే పైకెక్కారు. కప్పినంత మేర కింద సాయిబుగారు తివాచీ పరిచేశారు. మూడొంతుల్లో రెండొంతులు కప్పారో లేదో, నీళ్లమీదనుంచి సన్నాయి వినబడింది. పెళ్లివారి పెద్దాయన పందిట్లోకి వస్తూనే తలెత్తి, కప్పని మూలకేసి చూశారు. నేను ఊచలు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"ఎవరండీ పైన?"

"పిల్ల మేనమామండి," అన్నారు పెదనాన్న.

"స్వయంగా ఎక్కారా," అని ఆయన ఇంకాసేపు చూసి, చెప్పులు విడిచి తివాచీమీద కూర్చున్నారు.

అప్పుడుగాని నేను ఊచలు వదల్లేదు. మావయ్య మాత్రం దిగలేదు. ముహూర్తం లోపల ఆ మూల కూడా కప్పాలి కదా.