సేటు డీపీ, నా డీపీఐ

కరీంనగర్‌లో నేను పనిచేసే ఆఫీసులో ఇంకా కట్టని ఇళ్లకు కంప్యూటర్‌లో బొమ్మలు చేస్తాం. కట్టాక ఏ ఇల్లూ ఆ బొమ్మలా ఉండదు. అది మా తప్పు కాదు, ఇటుకల తప్పు. ఈ సీటుకు రాకముందు రెండేళ్లు అదే ఆఫీసులో పెండ్లి కార్డుల దగ్గర కూర్చున్నాను. ఎవరి పేరు పైన ఉండాలని రెండు కుటుంబాలు కొట్లాడుకుంటుంటే అక్షరాలు పైకీ కిందికీ జరపడమే ఉద్యోగం. అందుకే ఆదిలాబాద్ పత్తి జిన్నింగ్ మిల్లు సేటు పని వచ్చినప్పుడు మా ఓనరన్న అన్న మాట మర్చిపోలేదు.

"ఆదివారం పొద్దుగాల భూమిపూజ. గాలోపు బోర్డు ఎక్కాలె. సేటు వద్దన్నడో, మల్ల నీకు పెండ్లి కార్డులే."

సేటు ఫంక్షన్ హాల్ కడుతున్నాడు. జాగాలో అప్పటికి ఉన్నవి నాలుగు తుమ్మచెట్లు, రెండు బర్రెలు. కట్టబోయే హాలు బొమ్మతో బోర్డు మాత్రం నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల ఎత్తు. అంత ఫ్లెక్సీని జనం రోడ్డు అవతలి నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి పాతిక చుక్కలు చాలు. ఆ మాత్రం బొమ్మకే మా కంప్యూటర్ ఒక పగలంతా ఆయాసపడుతుంది.

ఇంతలో దుబాయ్‌లో ఉన్న అల్లుడు సేటుకు జ్ఞానబోధ చేశాడు. సేటు నాకు ఫోన్ చేశాడు.

"తమ్మీ, మూడు వందల డీపీలు కావాల్నట గదా?"

"డీపీఐ సేటూ. అంగుళంల ఎన్ని చుక్కలని. మూడు వందలు చేతుల పట్టుకునే కార్డుకు. గంత పెద్ద బోర్డుకు పాతికే మస్తు."

"గదంత నాకు తెల్వది. నాకున్నది ఒక్కటే డీపీ. పంపిన, సూడు."

వాట్సాప్‌లో ఆయన డీపీ స్క్రీన్‌షాట్ వచ్చింది. పైన టైముతోపాటు బ్యాటరీ పదకొండు శాతం. బోర్డు మూలన ఆయన ముఖం పది అడుగులు ఉండాలట. మన దగ్గర ముఖం లేని బోర్డును ఎవరూ నమ్మరు. అసలు ఫొటో పంపమని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ కొత్తగా స్క్రీన్‌షాట్ తీసి అదే డీపీ పంపాడు. చివరికి బ్యాటరీ నాలుగు శాతం.

ఆదివారం నాటికి బోర్డు ఎక్కింది, దాని వెంట నేనూ ఆదిలాబాద్ పోయాను. సేటు తెల్లబట్టల్లో వచ్చి, నేరుగా పోయి దానికి ముక్కు ఆనించి చూశాడు. పెండ్లిచూపుల్లో పిల్లను కూడా ఎవరూ అంత దగ్గరి నుంచి చూడరు.

"ఏంది తమ్మీ గిది! నా హాలుకు అమ్మోరు పోసిందా? అన్ని చుక్కలే! చుట్టాల ముంగట ఇజ్జత్ పాయె! దించుండ్రి!"

పంతులు ఎత్తిన కొబ్బరికాయ ఎత్తినట్టే ఆపాడు. నాకు కళ్ల ముందు పెండ్లి కార్డులు కనబడ్డాయి.

"సేటూ, జర నాతోటి రోడ్డు దాటుండ్రి."

"ఎందుకు?"

"మీ హాలును జనం రోడ్డు మీదికెల్లి చూస్తరు. బోర్డుకు ముక్కు రాసుకుంట ఎవలు పోతరు?"

అవతల చాయ్ బండి దగ్గర ఆయన్ను తిప్పి నిలబెట్టాను. చుక్కలన్నీ కలిసిపోయి హాలు సాఫ్‌గా నిలబడింది. సేటు దాన్ని ఒక్క క్షణం చూసి వదిలేశాడు. చూపు తన ముఖం మీదికి పోయి ఆగింది. అది దగ్గర నుంచి గచ్చుబండలు పరిచినట్టు గళ్లు గళ్లుగా ఉన్న ముఖం.

"బరా దిస్తో సేట్!" అంటూ, సేటు బాగా కనబడుతున్నాడని చాయ్ ముసలాయన మరాఠీలో మెచ్చుకున్నాడు.

నిజమే. ఇంత దూరం నుంచి గళ్లన్నీ కలిసి ముడతలనూ మచ్చలనూ మింగేశాయి. గడ్డం కింద ఉండే రెండో గడ్డం కూడా లేదు. సేటు గొంతు తగ్గించాడు.

"తమ్మీ, మొకానికి ఎన్ని డీపీలు పెట్టినవ్?"

"ఒక్కటే సేటూ. మీరు పంపిందే."

"సూసినవా? అల్లునికి ఏం తెల్వది."

ఆ తర్వాత వచ్చిన ప్రతి చుట్టాన్నీ భుజం పట్టి రోడ్డు దాటించి చూపించాడు. "గాడ కాదు బావా, గీడికెల్లి సూడు!" ముహూర్తం దాటిపోతోందని పిలవడానికి వచ్చిన పంతులు కూడా, కొబ్బరికాయ చంకలో పెట్టుకుని, చాయ్ తాగుతూ బోర్డు చూశాడు.

సోమవారం నా సీట్లో నేనే కూర్చున్నాను. పెండ్లి కార్డుల సీటు ఖాళీగానే ఉంది. దాన్నీ దూరం నుంచే చూస్తాను.