రౌటర్‌కు కట్టిన నూలుపోగు

ఈ ఉదయం మా షెడ్డులో టేకు మాడిన వాసన వచ్చింది. కొత్తగా పనిలో చేరిన సుజాత తలుపు అంచు మీద రౌటర్, అంటే చెక్కకు నగిషీ తీసే కరెంటు మిషన్, నడుపుతూ మూల దగ్గర చెయ్యి ఆపేసింది. దాని కింద కోసే బిట్టు ఒకేచోట తిరిగి చెక్క మీద నల్లటి మచ్చ వేసింది. పొయ్యి మీద పల్లీలు పెట్టి ఫోన్లో మాట్లాడుతుంటే వచ్చే వాసన అది, కాకపోతే కాస్త తియ్యగా ఉంటుంది. అది తగలగానే నాకు చారి మామ గొంతు వినిపిస్తుంది. "చెక్క మాడుతాందంటే నీ మనసు ఎటో పోయిందన్నట్టు, బిడ్డా."

చారి మామ మాకు చుట్టం కాదు. మాది నేత ఇల్లు, ఆయనది వడ్రంగి ఇల్లు. చౌటుప్పల్‌లో మా వీధి చివర రేకుల షెడ్డు వేసుకుని తలుపులు, దర్వాజలు చేసేవాడు. తెలంగాణ వచ్చాక హైవే పక్క ప్లాట్లన్నీ ఇళ్లయ్యాయి. ప్రతి ఇంటికీ నగిషీ తలుపు కావలసి వచ్చింది. అప్పటికి నాకు ముప్పై దాటాయి. పొద్దున అమ్మతో మగ్గం నేసి, మధ్యాహ్నం ఆయన దగ్గర తలుపులకు గరుకు కాగితం రుద్దే పనికి వెళ్లేదాన్ని. రుద్దుతున్నది కాగితమే, కళ్లు మాత్రం ఎప్పుడూ రౌటర్ మీదే. రెండు పిడులు పట్టుకుని తోస్తుంటే కింద గిర్రున తిరిగే బిట్టు చెక్క అంచును వెన్నలా గుండ్రం చేసేది. ఎవరూ పక్కన నిలబడకుండా ఒక తలుపు పని మొత్తం నేనే చేయాలన్నది నా ఆశ.

అడిగితే మామ సరే అన్నాడు. అడ్డం పడింది అమ్మే. "వేలు పోతె రేపు మగ్గం ఎట్ల నేస్తవే?" అంది. మామ స్వయంగా మా ఇంటికి వచ్చి గడప దగ్గరే కూర్చున్నాడు. "చెల్లె, గా మిషన్ కోపంది కాదు, మొండిది. బిట్టు తిరిగే దిక్కుకు ఎదురుంగ తోస్తె మన మాట ఇంటది. దాని ఎంబడి పోతె మనల్నే గుంజుకపోతది. నేను పక్కన నిలవడ్త, ఫికర్ చెయ్యకు" అన్నాడు. అమ్మ ఆ మాట మీద ఒప్పుకుంది.

మొదటి పది రోజులు మిషన్ మోగనే లేదు. బిట్టు తీయడం, పెట్టడం, అంతే. అందులోనూ మామకు ఒక పద్ధతి ఉండేది. ముందు ప్లగ్గు పీకాలి. పీకిన తీగను భుజం మీదుగా వేసుకుంటే ప్లగ్గు ఎద మీద వేలాడాలి. అది కళ్ల ముందు ఊగుతుంటేనే బిట్టు మీద చెయ్యి పడాలి. బిట్టు కాడను లోపలికంటా దించి, బియ్యపు గింజంత వెనక్కి లాగి, పానాతో బిగించాలి. చెక్కను బల్లకు రెండువైపులా క్లాంపులతో పట్టించాలి. పనికిరాని ముక్క మీద ఒకసారి నడిపి చూశాకే అసలు తలుపు. కావలసిన లోతు మూడు విడతల్లో తీయాలి. నేను ఒకే దెబ్బకు తీయబోతే ఆపేవాడు. "ఆత్రపు పెండ్లికొడుకు అత్త మెడల తాళి కట్టిండంట. గంత ఆత్రమెందుకు?" అనేవాడు. నవ్వొచ్చి చేతులు వదులయ్యేవి.

ఆరు నెలల్లో పని చేతికి వచ్చింది. అయినా మామ నా కుడి భుజం దగ్గర నుంచి కదలలేదు. అది నాకు ఒళ్లుమంటగా ఉండేది.

ఆ ఏడు శ్రావణ పున్నమి వచ్చింది. ఆ రోజు మా నేతవాళ్లు ఇంటింటికీ తిరిగి చేతులకు నూలుపోగులు కడతారు. తలుపులకు, పనిముట్లకు కూడా కడతారు. నేను షెడ్డుకు వెళ్లి మామ చేతికి కట్టాను. రంపానికి, చిత్రికకు కట్టాను. రౌటర్ మీద ప్రేమ ఎక్కువ కదా, దాని పిడికి ఎరుపు పసుపు కలిపి జానెడు కుచ్చు వేలాడదీశాను. మామ చూసి మురిసిపోయాడు. తర్వాత ఎవరో వస్తే బయటికి వెళ్లాడు. నాకు అదే సందు దొరికింది. ఒక పెద్ద తలుపు బిగించి ఉంది. ముక్క మీద నడిపి చూడకుండానే స్విచ్చు వేశాను. రెండు జానలు బాగానే పోయింది. అంతలో కుచ్చు బిట్టుకు చుట్టుకుంది. మిషన్ ఎగిరి పక్కకు దూకి తలుపు మీద అడ్డంగా లోతైన గీత పెట్టింది. ఎలా ఆపానో నాకే తెలియదు.

మామ పరుగెత్తుకొచ్చి ముందు ప్లగ్గు పీకాడు. తర్వాత నా రెండు చేతులూ తిరగేసి చూశాడు. ఆ తర్వాతే తలుపు వైపు చూశాడు. నేను ఏడుస్తున్నాను.

"ఏడ్వకు. తప్పు నాది గూడ ఉంది. పొద్దుగాల నువ్వు కట్టంగ సూసిన. సంబురపడ్డ గని, తియ్యి అనలె."

ఆ పోగును ఆయనే విప్పి, తీగ తగిలించే గోడ మేకుకు కట్టాడు. "దండం గీడ పెట్టుకో. తిరిగేదానికి ఏదీ కట్టొద్దు" అన్నాడు. తలుపు యజమానికి ఫోన్ చేసి, మా దగ్గర చెక్క చెడిందని, మార్చి ఇస్తామని ఉన్నదున్నట్టు చెప్పాడు. కొత్త చెక్క మీద పని నాతోనే చేయించాడు. కానీ ఇంకో అడుగు దగ్గరగా నిలబడ్డాడు. ఏడాది గడిచినా అంతే. ఇక నా మీద నమ్మకం పోయిందనుకున్నాను. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను.

"ఇంకా ఎన్నాళ్లు నిలవడ్తవు మామా?"

"నాకు భయం పొయ్యేదాంక."

"నీకా?"

"నాకే. నీ భయం సంగతి నువ్వు సూసుకో."

ఆ తర్వాతి వేసవిలో పానగల్‌లో మామ కూతురు ఇల్లు కట్టుకుంది. తలుపు బిగించేముందు మడతబందులు ఒదగడానికి అంచులో గాళ్లు, అంటే పల్లాలు, అక్కడే తీయాలి. సొంత బిడ్డ ఇంటి తలుపు, ఆయనే తీస్తాడనుకున్నాను. రౌటర్ నా చేతిలో పెట్టాడు. నేను బిట్టు బిగించి, ముక్క మీద నడిపి చూసి, తలుపుకు క్లాంపులు వేసి తలెత్తేసరికి మామ అల్లుడి భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"పా, చాయ్ తాగొద్దాం."

"ఆమె ఒక్కతేనా మామా?" అన్నాడు అల్లుడు.

"చేసేది ఆమెనే గదా."

వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. నా కుడి భుజం పక్కన జాగా ఖాళీగా ఉంది. కాసేపు స్విచ్చు వేయలేకపోయాను. తర్వాత మూడు గాళ్లూ తీశాను, ఒక్కొక్కటీ మూడు విడతల్లో. మామ వచ్చి బొటనవేలితో అంచులు తడిమి, "మంచిగొచ్చినయ్" అన్నాడు. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. మామకు భయం పోయిందని అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

మామ పోయి రెండేళ్లయింది. దశదినకర్మ నాడు ఆయన అల్లుడు నా పక్కన కూర్చుని ఆ రోజు సంగతి చెప్పాడు. మామ చాయ్ తాగలేదట. సందు మలుపులో గ్లాసు పట్టుకుని, మిషన్ మోత ఆగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, మళ్లీ మొదలయ్యేదాకా వింటూ నిలబడ్డాడట. చల్లారిన చాయ్ పారబోసి వచ్చాడట. భయం పోయాక వెళ్లాడని అప్పటిదాకా అనుకున్నాను. భయపడుతూనే వెళ్లాడు. ఎవరికైనా పని నేర్పి చేతికిచ్చే ప్రతిసారీ నేనూ అలాగే భయపడతాను, అలాగే బయటికి నడుస్తాను.