అంకుల్ ఓడిపోని కోట

ముందే చెప్పేస్తున్నాను, ఇది విజయగాథ కాదు. ఎర్రకొండ కోట అనేది చరిత్రలో ఎక్కడా లేదు. దాన్ని అట్ట మీద నేనే కట్టాను. కట్టినవాణ్ణి నేనే, కూల్చినవాణ్ణి నేనే, కూల్చాక శిథిలాలను పెట్టెల్లో సర్ది జనం ముందు పెట్టినవాణ్ణి కూడా నేనే. మూడు పనులూ ఒకే పట్టుదలతో చేశాను. నాలో లోపించింది పట్టుదల కాదని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

తెలియనివారికి రెండు ముక్కలు. టేబుల్ మీద పటం పరిచి, అట్టముక్కల సైన్యాలు నడుపుతూ, పాచికలు వేసి యుద్ధం చేసే ఆటలుంటాయి. వాటిని వార్‌గేమ్‌లంటారు. ఆట కొన్నవాళ్లకు కొన్నాళ్లకి కొత్త యుద్ధాలు కావాలి. ఎవరి సైన్యం ఎక్కడ నిలబడాలి, ఎన్ని రౌండ్లలో ఏం సాధించాలి అని రాసిన అలాంటి యుద్ధాల కట్టే సినారియో ప్యాక్. అమెరికాలో గడ్డాలు నెరిసినవాళ్లు కూడా దీన్ని కోర్టు కేసంత గంభీరంగా ఆడతారు. నేను మాస్టర్స్ చేయడానికొచ్చి డిగ్రీతో పాటు ఈ జబ్బు కూడా పుచ్చుకున్నాను.

డోనా అనే ఆవిడ తన గరాజ్‌లోంచి ఇలాంటి ప్యాక్‌లు అచ్చేస్తుంది. ఒక ప్యాక్‌లో నాలుగో యుద్ధం నాది. పది రౌండ్లలో కోట గేటు పగిలితే దాడి చేసేవాడు గెలిచినట్టు, పగలకపోతే కోటలోవాడు గెలిచినట్టు. కాపీలన్నీ అయిపోయాయి, రీప్రింట్ వేద్దామంది డోనా.

"అచ్చుతప్పులు దిద్ది పంపు. అంకెలు ముట్టుకోకు. వాటి మీద ఎవరూ కంప్లైంట్ చేయలేదు."

ఎవరూ కంప్లైంట్ చేయలేదంటే ఎవరూ సరిగ్గా పరీక్షించలేదని నాకు తట్టింది. పాతికేళ్ల వయసులో ఇలాంటివి తెగ తడతాయి.

"మళ్లీ ప్లేటెస్ట్ చేసి ఇస్తాను," అన్నాను. ప్లేటెస్ట్ అంటే అచ్చుకు ముందు పదిమందితో ఆడించి చూడటం. బంతి వడ్డించేముందు సాంబార్లో ఉప్పు చూసినట్టు.

"నీ ఇష్టం. చెడగొట్టావంటే కవర్ మీద నీ పేరుండదు," అంది.

అప్పటిదాకా ఈ దేశంలో నా పేరు అచ్చయింది రెండే చోట్ల. ఒకటి ఆ కవర్, రెండోది పార్కింగ్ టికెట్. కాబట్టి బాధ్యతగా పనికి దిగాను.

అరోరా అనే ఊళ్లో ప్రభాకర్ అంకుల్ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాను. పై హాల్లో పెద్ద టేబుల్, దాని పక్కనే అంకుల్ వాలుకుర్చీ, అదే రిక్లైనర్. కోట ఆ వైపు పడింది. రిక్లైనర్ వదిలి అంకుల్ రారు, అంకుల్‌ని వదిలి కోట పోదు. అందుకని ప్రతి ఆటలోనూ కోట ఆయనదే. దాడి చేసేవాళ్లు ముగ్గురు. ఒకడు కార్తీక్, ఇక్కడే పుట్టినవాడు, అంకుల్ వాళ్ల అమ్మాయితో ఎంగేజ్‌మెంట్ అయినవాడు. రెండోవాడు నవీన్, వరంగల్ నుంచి వచ్చి అంకుల్ టీమ్‌లోనే పనిచేస్తున్నవాడు. మూడోవాణ్ణి నేను. శాంపిల్‌లో ఎంత వైవిధ్యం ఉందో చూడండి.

నెలరోజులు ప్రతి శనివారం ఆడాం. మొత్తం తొమ్మిది ఆటలు. తొమ్మిదీ అంకుల్ గెలిచారు.

"సార్, నా గుర్రాలన్నిటినీ ఈ ఊబిలకు పంపుతున్న," అనేవాడు నవీన్.

"ఊబిలోకి ఎందుకోయ్?"

"వ్యూహం సార్."

కార్తీక్ మూడు రౌండ్లపాటు ఒక్క ఫిరంగి కూడా కదపలేదు.

"అటాక్ చెయ్యవా, బాబూ?"

"లేదు అంకుల్. నేను చాలా పేషంట్‌గా ఉంటాను. జనరల్‌గా కూడా."

అంకుల్ సంతోషంగా తలాడించి ఇంకో పకోడీ అందుకున్నారు. నేను మూల కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను: "దాడి పక్షం దారుణంగా బలహీనం. గుర్రాలు ఊబిలో పోతున్నాయి. ఊబి తీసేయాలి."

ఇక్కడ నా శాస్త్రీయ నిజాయితీ గురించి ఒక మాట చెప్పుకోవాలి. తొమ్మిదిలో రెండు ఆటలు నావి. ఆ రెండూ కావాలనే ఓడిపోయాను. ఇంటి ఓనర్ కదా, పైగా పెద్దాయన. అందుకని ఆ రెంటినీ లెక్కలోంచి తీసేశాను. మిగిలిన ఏడూ కల్తీ లేని డేటా.

ఆ డేటాని నమ్మి ఊబి పూడ్చేశాను. దాడి చేసేవాడికి మూడు ఫిరంగులు పెంచాను. కోటలో సగం మందిని ఇంటికి పంపేశాను. ఆడలేనివాడు మద్దెల ఓడు అన్నాడట. నేను మంచి మద్దెల తీసుకుని పట్టుదలగా చిల్లు పెట్టాను. డోనా అచ్చేసింది.

పక్కనే నేపర్‌విల్‌లో ఒక హోటల్ హాల్లో గేమ్స్ మేళా. శనివారం పొద్దున్నే పెట్టెలు గోపురంలా పేర్చి, పటం పరిచి నిలబడ్డాను. మొదటి గిరాకీ రూత్, స్కూల్ బస్సు నడిపి రిటైరైన ఆవిడ. దాడి తను తీసుకుంది, కోట నాది. రెండో రౌండ్లో గేటు పగిలింది.

"అంతేనా?" అంది రూత్.

"మీకు పాచికలు బాగా పడ్డాయి."

"ఇంకా ఎనిమిది రౌండ్లున్నాయి కదా. వాటిలో నేనేం చెయ్యాలి?"

కోటలో కూర్చుని టీ తాగండి అనబోయి ఊరుకున్నాను. తర్వాత ఇంకో నలుగురు ఆడారు. అన్నిటికన్నా ఎక్కువసేపు నిలిచిన కోట మూడో రౌండ్‌దాకా నిలిచింది. అది కూడా దాడి చేసేవాడు తన వంతు ఒకటి మర్చిపోయినందుకు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో పనిగట్టుకుని ఓడినవాళ్ల లెక్కతో రచ్చకెక్కితే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు.

డోనా వచ్చి ఒక ఆట మొత్తం నిలబడి చూసింది. నిలబడ్డ కాళ్లు నొప్పెట్టేలోపే ఆట అయిపోయింది.

"సోమవారం పెట్టెలు పోస్టులో పడాలి," అంది నెమ్మదిగా. "ప్రతి పెట్టెలో ఒక సవరణ చీటీ పెట్టగలను. దాని మీద ఏం వెయ్యాలో రేపు మధ్యాహ్నంలోగా చెప్పు."

"పాత అంకెలే పెట్టేద్దాం."

"పాతవి తప్పన్నది నువ్వే. ఈసారి నాకు నీ మాట వద్దు. నిజంగా ఆడిన ఆటలు కావాలి. లేదంటే ఆ పేజీ చింపేసి, నీ పేరు మీద స్టిక్కర్ వేసి పంపుతాను."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అంకుల్ కొత్తిమీర కోసం ఇండియన్ స్టోర్‌కి వెళ్లారు. కార్తీక్‌నీ నవీన్‌నీ వంటింట్లో నిలబెట్టాను.

"నిజం చెప్పండి. ఆయన చేతిలో ఎలా ఓడారు?"

కార్తీక్ నేల చూశాడు. "బ్రో, పెళ్లి నవంబర్‌లో ఉంది."

"నువ్వు?"

"అన్నా, ఆయన నా మేనేజర్. వచ్చే నెల నా రివ్యూ ఉంది. నన్ను గెల్వమంటవా? ఇంతకీ నువ్వెట్ల ఓడినవ్?"

"బేస్‌మెంట్‌లో హీటర్ వేడి పెంచే థర్మోస్టాట్ ఆయన గది గోడకుంది."

రాజుగారి గంగాళంలో తలా చెంబెడు పాలు పొయ్యమంటే ఊరంతా నీళ్లే పోసిన కథ మీరు వినే ఉంటారు. నేను ఇంకో అడుగు ముందుకేసి, నా చెంబెడు నీళ్లు తీసేశాను కాబట్టి మిగతావన్నీ పాలేనని అచ్చేయించాను.

"అయితే ఆయనతో నిజంగా ఆడేదెవరు?" అన్నాను. ఇద్దరూ ఫ్రిజ్ వైపు చూశారు, అదేమన్నా ఆడుతుందేమోనన్నట్టు.

స్టవ్ దగ్గరున్న అంకుల్ భార్య విజయ ఆంటీ గరిటె కింద పెట్టారు. "నేనాడతాను. ఆయన తూర్పు గోడ దగ్గర ఎప్పుడూ ఒక్కణ్ణే పెడతారు. నెల్లాళ్లపాటు చూశా, మీలో ఒక్కడు అటు పోలేదు. ఊబిలో ఏముందిరా మీకు?"

అంకుల్ కొత్తిమీరతో వచ్చారు. ఆంటీ ఆయన ఎదురుగా కుర్చీ లాక్కున్నారు.

"నీకు రూల్స్ తెలుసా?"

"మీరు ఊళ్లో అందరికీ వినబడేలా చెప్పారు కదా. కానివ్వండి."

పాత అంకెలతో పెట్టాను. తొమ్మిదో రౌండ్లో తూర్పు గోడ పక్కనుంచి వచ్చి ఆంటీ గేటు పగలగొట్టారు. వైపులు మార్చమన్నాను. ఆట మధ్యలో రిక్లైనర్ మీంచి అంకుల్ లేవడం అదే మొదటిసారి. ఆంటీ కోట పదో రౌండ్ దాటింది. దాడి చేసినా గెలుపు ఆవిడదే, కాపు కాసినా ఆవిడదే. అంటే కోటలో లోపం లేదు, ఉన్నదల్లా మా వెన్నెముకల్లోనే.

ఆదివారం పొద్దున మేళా హాల్లో రెండు ఆటల నోట్సూ డోనా చదివింది. "ఈ విజయ ఎవరు? ఈవిడ పేరు చీటీ మీద వెయ్యి," అంది. చీటీలు అచ్చయ్యాయి. అందరం కూర్చుని పెట్టెల్లో పెడుతుంటే, చూద్దామని వచ్చిన అంకుల్ నన్ను పక్కకు పిలిచారు.

"శ్రీకర్, నీకొక్కడికే చెప్తున్నా. నిన్న నేను కావాలనే ఓడానోయ్."

"అదేంటంకుల్?"

"ఆ ఇంట్లో నేను రోజూ భోంచెయ్యాలి కదా."

చేతిలో చీటీలు పెట్టె మీద పడేశాను. పరుగెత్తుకెళ్లి కాఫీ తాగుతున్న రూత్‌ని బతిమాలి మళ్లీ టేబుల్ దగ్గరికి తెచ్చాను. ఈసారి పాత అంకెలతో పదో రౌండ్ చివరి పాచికదాకా పోరాడి, గేటుకు ఒక్క గీత దూరంలో ఆగిపోయింది. కాసేపు పటం వైపు చూసి, "మళ్లీ పెట్టు," అంది. సంతోషంగా పెట్టాను. కవర్ మీద నా పేరు ఇప్పటికీ ఉంది, చీటీ మీద మాత్రం ఆంటీ పేరుకి కొంచెం కింద.

అందుకని పాచికల మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. నాకు ఇల్లిచ్చేవాళ్లతో, అన్నం పెట్టేవాళ్లతో, రివ్యూలు రాసేవాళ్లతో, పిల్లనిచ్చేవాళ్లతో ఈ జన్మలో ప్లేటెస్ట్ చెయ్యను. నాకు ఏ మర్యాదా బాకీ లేని రూత్ లాంటివాళ్లతోనే చేస్తాను.

రూత్ ఆట సంగతి అంకుల్‌కి మాత్రం చెప్పలేదు. ఆయన కావాలనే ఓడిపోయారని నేను పూర్తిగా నమ్ముతున్నాను. బేస్‌మెంట్‌లో చలి మొదలైంది.