మా ఆయనకు ఎవరూ ఇవ్వని కళ్ళె డబ్బా

ఆ ఆదివారం మా క్రీస్తు గుడిలో రెండో పాట మధ్యలో మా ఆయన గొంతు ఆగిపోయింది. మా ఆయన దైవసహాయం గారి గొంతు సంగతి మా పేటలో అందరికీ తెలుసు. మైకు లేకుండానే మీటింగు నడిపే మనిషి. గుడిలో ఆయన పాడుతుంటే పక్కవాళ్ళు పెదవులు కదిపితే చాలు. అలాంటిది, పాటపుస్తకం మూసి బల్ల పట్టుకుని నిలబడ్డారు. నేను ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తున్నాను. కండువా నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు. ఇంటికి వచ్చాక, "ఏందండీ, పాట ఆపినారే?" అని అడిగాను. "హైదరాబాదు నీళ్ళు పడలేదు సుగుణా, మూడు పూట్ల మిరియాల కషాయం తాగితే పోతుంది" అన్నారు.

అప్పటికి ఆయన ఎమ్మెల్యే అయి కొంతకాలమైంది. అంతకుముందు మా పట్నంలోని అభ్రకం షెడ్డులో గుమాస్తా, యూనియను నాయకుడు. నేను అదే షెడ్డులో కత్తితో అభ్రకం పొరలు విడదీసే పనిలో ఉన్నాను. ఆయన గెలిచిన తరువాత కూడా మానలేదు. ఎమ్మెల్యే పెళ్ళాం ఇంకా కత్తి పట్టుకుని కూర్చుంటుందా అని నవ్విన వాళ్ళు ఉన్నారు. నవ్వితే నవ్వనీ, మా షెడ్డు నాకు ఇష్టం.

కార్మికుల ఆరోగ్య బీమా మా పట్నానికి వచ్చింది ఆ రోజుల్లోనే. మా కూలిలో నెలనెలా కొంత పట్టుకుంటారు, యజమాని కొంత వేస్తాడు, దానితో నడిచే ఆసుపత్రిలో మాకు వైద్యం. దాన్ని మా పట్నానికి తేవాలని శాసనసభలో ఆయన మాట్లాడారు, ఓటు వేశారు. వచ్చి షెడ్డు ముందు ఆ మాట చెబుతుంటే నా పక్కన కూర్చునే మస్తానమ్మ లేచింది. ఆమెకు ఎవరంటే భయం? "అన్నా, మా కూలి కోసి పెట్టే ఆసుపత్రికి నువ్వు కూడా వస్తావా? లేకపోతే నీకు జొరమొస్తే మద్రాసు, మాకొస్తే ఇదా?" అని అడిగేసింది.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "వస్తాను మస్తానమ్మా. నేను ఓటేసిన మందు నేను తాగకపోతే నా ఓటుకి విలువేముంది?" అన్నారు. ఊరికే అనలేదు. నా భత్యంలో కూడా వాటా పట్టుకోండి, నాకూ బీమా బిళ్ళ ఇవ్వండి అని అర్జీ పెట్టారు. ఎమ్మెల్యే కార్మికుడు కాదు, నిబంధన ఒప్పుకోదు అన్నారు. ఆయన ఊరుకుంటారా? అడిగి అడిగి విసిగించి, చివరికి ప్రత్యేకమైన అనుమతి తెచ్చుకున్నారు. అందరిలో ఒకడిగా ఉండడానికి ప్రత్యేకమైన అనుమతి! అప్పుడు మేమిద్దరం నవ్వుకున్నాం. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు ఏడుపు వస్తుంది.

ఆ ఆసుపత్రి పద్ధతి చెప్పాలి. ముందు తలుపు దగ్గర మన ఇత్తడి బిళ్ళ పెట్టి వరండాలో వరుసలో నిలబడాలి. కాంపౌండరు శీనయ్య బిళ్ళ చూసి పిలుస్తాడు, బరువు తూస్తాడు, ఏమి బాధో అడుగుతాడు. నెల దాటిన దగ్గు అంటే చాలు, మూత ఉన్న చిన్న డబ్బా చేతికిచ్చి, "పొద్దున్నే కళ్ళె ఇందులో ఊసి తీసకరా" అంటాడు. ఆ పరీక్ష అయ్యాకే డాక్టరు గది. అభ్రకం దుమ్ములో పనిచేసే వాళ్ళం కదా, మా అందరికీ దగ్గులే. అందుకని ఆ డబ్బా తప్పించుకున్న వాళ్ళు లేరు.

కషాయాలతో దగ్గు తగ్గలేదు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడుతోంది. సభలో ఆయనకు స్నేహితులైన పెద్దలు, "మద్రాసు పోదాం రావయ్యా, మంచి నర్సింగ్ హోము ఉంది" అని కారు పంపుతామన్నారు. ఆయన వద్దని, బిళ్ళ జేబులో వేసుకుని మా ఆసుపత్రికే నడిచారు. నేను కూడా వెళ్ళాను.

వరుసలో చివర నిలబడ్డారు. నిలబడీ నిలబడక ముందే వరండా అంతా కదిలింది. "మా అన్న నిలబడేదేంది?" అని ఒకరు, "జరగండి, జరగండి" అని ఒకరు. శీనయ్య లోపలికి పరుగెత్తి డాక్టరు గారు కూర్చునే చేతులున్న కుర్చీ మోసుకొచ్చాడు. మా ఆయన, "వద్దు శీనయ్యా, అందరితో పాటే" అన్నారు. ఎవరు వింటారు? మస్తానమ్మ కూడా, ఆ రోజు అంత మాట అడిగిన మస్తానమ్మే, ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "నువ్వొచ్చినావు, అదే చాలన్నా. నువ్వు నిలబడితే మాకు పరువు తక్కువ" అంది.

మా పేట వాళ్ళకు ఆ కుర్చీ అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. మా మామగారు బతికున్నంత కాలం పెద్ద ఇళ్ళ ముందు చెప్పులు చేతబట్టుకుని నిలబడిన మనిషి. మాలో ఒకడికి కుర్చీ వేసే రోజు వచ్చిందని ఆ వరండాలో ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నాకూ కడుపు నిండినట్టు అయింది.

తరువాత ఆయన్ను పక్క తలుపు నుంచి నేరుగా డాక్టరు గదిలోకి తీసుకెళ్ళారు. బరువు లేదు, డబ్బా లేదు. డాక్టరు గారు చిన్నవారు, కొత్తగా వచ్చారు, మంచివారు. ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, "బ్రాంకైటిస్ సార్. మీటింగుల్లో అరిచి అరిచి గొంతు కూడా పాడైంది. పెన్సిలిన్ ఇస్తాను, రెస్ట్ తీసుకోండి" అన్నారు. ఆయన, "మా వాళ్ళకిచ్చేదే నాకివ్వండి డాక్టరు గారూ" అన్నారు. "అదే సార్, అదే" అన్నారు డాక్టరు గారు.

ఇంజెక్షన్లతో కాస్త తేలికపడింది. మళ్ళీ దగ్గు. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ కుర్చీ, మళ్ళీ పక్క తలుపు. ఈసారి బి కాంప్లెక్స్, టానిక్కు. అలా వానలు వెళ్ళి చలి వచ్చింది. చొక్కాలు వదులైపోయాయి. కుట్టుపని వాడికి ఇచ్చి బిగించి తెచ్చాను. "తిండి సరిగా తినండి" అని నేను కేకలు వేస్తే, "నీ చేపల పులుసు కూడా చేదుగా ఉండాది మే, నేనేం చేసేది?" అనేవారు. నేను పుట్టింది వాకాడు వైపు సముద్రం ఒడ్డున. నా పులుసుకు వంకపెట్టిన వాళ్ళు లేరు. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ నన్ను పిలిచారు. తొట్టి పక్కన బండ మీద రక్తం. ఎర్రగా, నురగతో. ఆయన నా ముఖం చూసి, "చిగుళ్ళేమోలే" అన్నారు. చిగుళ్ళు కావని ఇద్దరికీ తెలుసు.

నెల్లూరు తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాం. అక్కడి పెద్ద డాక్టరు ఆ ఫిల్ము కిటికీ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశారు. "బోత్ లంగ్స్ ఇన్వాల్వ్ అయ్యాయి. ఇవిగో, కేవిటీస్, గుంటలు. ఇన్ని నెలల దగ్గుకి కళ్ళె, అదే స్పుటం, ఎందుకు చూడలేదు?" అన్నారు. "టీబీయే. మందులున్నాయి, భయపడొద్దు. కానీ లేట్ అయింది" అన్నారు.

మా ఆసుపత్రి డాక్టరు గారికి ఆ ఫిల్ము చూపిస్తే ఆయన ముఖం తెల్లబోయింది. స్పుటం ముందే చూసి ఉంటారు, ఏమీ లేదు కాబట్టే నా దగ్గరికి పంపారు అనుకున్నానమ్మా అన్నారు. శీనయ్య ఏమో, పెద్దాయన కదా, డాక్టరు గారే లోపల మర్యాదగా అడుగుతారు అనుకున్నాడట. నేను శీనయ్యను నిలదీశాను. "మా అందరికీ ఇచ్చే డబ్బా ఆయనకెందుకు ఇయ్యలేదు శీనయ్యా?"

వాడు తలుపు పట్టుకుని ఏడ్చాడు. "ఎట్లిచ్చేది అక్కా? మనలోంచి ఒకడు అసెంబ్లీ దాకా పొయ్యినాడు. అట్టాంటి మనిషి చేతికి ఉమ్మి డబ్బా ఇచ్చి, ఊసి తీసకరా అని ఏ నోటితో చెప్పేది?"

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. తిడతారు అనుకున్నాను. నవ్వబోయి దగ్గారు. "కుర్చీలో కూర్చోబెట్టి నాకింత చేసినారా పిచ్చోళ్ళు! వాళ్ళనేమీ అనబాకు సుగుణా. ప్రేమతో చేసినారు" అన్నారు. నాకు మాత్రం ఆ ప్రేమ మీద ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది.

స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, పాస్ అనే చేదు పొడి పొట్లాలు, ఐ.ఎన్.హెచ్. బిళ్ళలు మొదలుపెట్టారు. మొదట్లో జ్వరం దిగింది, పులుసు మళ్ళీ రుచించింది. బతికాం అనుకున్నాను. తరువాత చెవుల్లో హోరు, నడిస్తే తూలుడు. ఇంజెక్షను పడలేదని మార్చారు. ఒళ్ళు మళ్ళీ వెచ్చబడింది.

ఇంట్లో వాళ్ళందరూ పరీక్ష చేయించుకోవాలి అన్నారు పెద్ద డాక్టరు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. నేను నా బిళ్ళ తీసుకుని మా ఆసుపత్రికి వెళ్ళాను. శీనయ్య నన్ను చూసి కుర్చీ కోసం లేచాడు. "కుర్చీ తెస్తే ఇరగ్గొడతా. నా వరుస వచ్చినప్పుడు పిలువు" అన్నాను. మస్తానమ్మ వెనుక నిలబడ్డాను. నా వంతు వచ్చాక వాడు బరువు తూచి డబ్బా చేతిలో పెట్టాడు.

స్పుటం పాజిటివ్. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో చిన్న ప్యాచ్. నాకు దగ్గు అయినా సరిగా మొదలు కాలేదు. "ఎర్లీగా దొరికిందమ్మా. మందు మానకపోతే క్యూర్ అవుతుంది" అన్నారు చిన్న డాక్టరు గారు. ఆ మాట విని నాకు సంతోషం కలగలేదు. ఇదే డబ్బా, ఇదే వరండా, ఇదే డాక్టరు. ఆయనకు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే మందు వేసుకున్నాం. పాస్ పొట్లం నీళ్ళలో కలిపి, "నీది నాదానికంటే తీపా?" అని నన్ను ఏడిపించేవారు. నేను ఒళ్ళు చేస్తుంటే ఆయన చిక్కిపోయారు. నా మణికట్టు పట్టుకుని చూసి, "మన బీమా పనిచేస్తుండాది చూడు" అనేవారు. నిజంగా మురిసిపోయి అనేవారు. నేను లోపలికి వెళ్ళి ఏడ్చేదాన్ని.

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం, భోజనానికి కూర్చోబోతూ దగ్గారు. ఆ రక్తం ఆగలేదు. నా ఒళ్ళోనే పోయారు. ఆ రోజు మా షెడ్లన్నీ మూసేశారు. గుడిలో ఆయన పాట ఎత్తుకుని సగంలోనే వదిలేశారు.

పట్టుదలకు పోయి ప్రాణం పోగొట్టుకున్నాడు, మద్రాసు వెళ్ళి ఉంటే బతికేవాడు అని పెద్దలు అన్నారు. బీమాకు ఓటేసిన ఎమ్మెల్యేలందరూ అక్కడే చూపించుకోవాలని రూలు ఉందా అని పత్రికల్లో కూడా వాదించుకున్నారట. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను, కానీ నా ఊపిరితిత్తులు చెబుతాను వినండి. మా ఆయన మా ఆసుపత్రికి వెళ్ళి పోలేదు. వెళ్ళారు గాని, మేము అక్కడ ఆయన్ను చూపించుకోనివ్వలేదు. చూపించుకున్నదాన్ని నేను. బతికే ఉన్నాను.

ఏడాదిన్నర మందు వేసుకున్నాను. "స్కార్ మాత్రమే మిగిలింది" అన్నారు ఆఖరి ఎక్స్‌రే చూసి. మళ్ళీ షెడ్డుకు వెళ్తున్నాను. ఆయన తరువాత గెలిచిన ఎమ్మెల్యే మొన్న మా ఆయన పటానికి దండ వేసి, ఆయన బాటలోనే నేనూ ఇక్కడే చూపించుకుంటానని మైకులో చెప్పారు. చప్పట్లు మోగాయి. మీటింగు అయ్యాక దగ్గరికి వెళ్ళి, "బాబూ, వచ్చేటప్పుడు ముందు తలుపు నుంచి రా" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. పక్కనున్న శీనయ్య తల దించుకున్నాడు.

చదివే మీకు చెప్పేది ఒకటే. నెల దాటి దగ్గు ఉంటే, మీరు ఎంతటి వాళ్ళయినా, కళ్ళె పరీక్ష మీరే అడగండి. మర్యాదకు వెనకాడి ఎవరూ ఇవ్వకపోతే చెయ్యి చాచి తీసుకోండి. మీకు ప్రియమైన పెద్దమనిషి వరండాలోకి వస్తే, కుర్చీ వెయ్యకండి. ఆయన మీద ప్రేమ ఉంటే ఆ డబ్బా చేతిలో పెట్టండి.