కంఠతా పట్టిన కంటి పరీక్ష

ఆ రోజుల్లో నాకు తలనొప్పి రాని సాయంత్రం లేదు. లింగంపల్లిలో మా కిరాయి గదిలో అమ్మ రోజూ దిష్టి తీసేది. పాపం, ఆవిడకు అసలు సంగతి తెలియదు. నా కుడి కన్ను నిక్షేపంలా ఉండేది, ఎడమ కంటికి మాత్రం లోకమంతా మసక. పుట్టుకే ఇంతనుకుని ఎవరికీ చెప్పలేదు. చాయ్ కప్పులో పోయబోయి పక్కన పోసేవాణ్ణి. పార్కింగులో స్తంభం ఇంకా దూరం ఉందనుకుని బండి తగిలించేవాణ్ణి. ఇంతకీ నా ఉద్యోగం ఏమిటంటారా? హైటెక్ సిటీ ఆఫీసువాళ్లను తిప్పే క్యాబ్ డ్రైవరు! (లైసెన్సు ఎలా వచ్చిందని మాత్రం అడక్కండి.)

ఓ ఉదయం క్యాబుల యార్డులో డ్రైవర్లకు కంటి పరీక్ష పెట్టారు. తప్పితే తాళంచెవి ఇచ్చేసి పోవలసిందే. నాకీ ఉద్యోగం ఇప్పించిన మా బావ అక్కడే ఉంటే, మొదటిసారి కంటి సంగతి చెప్పేశాను. బావ మాత్రం, "ఫికర్ చేయకురా. లైన్ల ఆఖరికి నిలబడు, ముందటోళ్లు సదివేది ఇని యాదిపెట్టుకో" అని ధైర్యం చెప్పాడు. బడిలో ఎక్కాలు కూడా అంత శ్రద్ధగా నేర్వలేదు నేను! నా వంతు వచ్చేసరికి బోర్డు మొత్తం నోటికి వచ్చేసింది. ముందు కుడి కంటితో చూసి చదివాను. తర్వాత కుడి కన్ను మూయమనగానే గడగడా అప్పజెప్పాను.

కళ్ల డాక్టరమ్మ బోర్డు వైపు వేలు చూపించింది.

"మంచిగనే సదివినవ్ తమ్మీ. గని నేను బోర్డు మార్చిన. ఇప్పుడున్నయి అక్షరాలు గావు, అంకెలు."

యార్డంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా బావే. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "రెండు కండ్లు ఒక్క తీరుగ లేకుంటే దూరం సరిగ అందదు. తలనొప్పి గూడ గందుకే రావచ్చు. చిన్నప్పుడే చూపిస్తే చానా వరకు బాగయ్యేది" అంది. తర్వాత మెల్లగా అడిగింది.

"నీ బండిల ఎంతమంది కూసుంటరు?"

"ఆరుగురు, మేడం."

"వాళ్లకు ఎరుకేనా?"

ఎవరూ అడక్కుండానే తాళంచెవి బల్ల మీద పెట్టేశాను.

ఆ సాయంత్రం నా ఆరుగురూ వేరే బండి ఎక్కుతుంటే ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాను. వాళ్లలో నెలలు నిండుతున్న ఒకామె నన్ను చూసి ఆగింది. "నువ్వు రావా అన్నా? నువ్వైతే భయం లేకుండె. మస్తు మెల్లగ తీస్కపోతవు" అంది. అంత మెల్లగా ఎందుకు నడిపేవాణ్ణో ఆమెకు చెప్పలేకపోయాను. ఇప్పుడు యార్డులో బండ్లు పంపించే పని చేస్తున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కానీ తాళంచెవి ఇచ్చే ముందు ప్రతి డ్రైవరునూ ఒక్కో కన్ను మూసి గేటు మీది బోర్డు చదవమంటాను.